సద్ది, సంగటి, టిఫిన్, భోజనం: మన జిల్లాల్లో పూటల పేర్లు ఫారంలో ఎట్లా రాయాలి?

ప్రశ్న: ఫారం_తిరుపతి

అందరికీ నమస్కారం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో షుగరు, బీపీ ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకు పోయి, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం తిన్నారో అడిగి రాసుకునే ఫారం ఒకటి తయారవుతోంది. ఇంగ్లీషు ఫారాన్ని తెలుగు చేసేటప్పుడు నాలుగు గళ్ళు పెట్టినారు: అల్పాహారం, మధ్యాహ్న భోజనం, సాయంత్రం చిరుతిండి, రాత్రి భోజనం. ఊళ్ళలో అడిగి చూస్తే ఈ నాలుగు గళ్ళూ నిలవడం లేదు.

"అల్పాహారం తీసుకున్నారా" అంటే చాలామంది మొహం చూస్తారు. "టిఫిన్ తిన్నారా" అని మారిస్తే "టిఫినేమీ లేదమ్మా" అంటారు, గడిలో "లేదు" అని పడిపోతుంది. తీరా చూస్తే ఎనిమిది గంటలకు మజ్జిగ పోసుకొని నిండు గిన్నె సద్ది, అంటే రాత్రి నీళ్ళు పోసి పెట్టిన అన్నం, అయిపోయి ఉంటుంది. "మధ్యాహ్నం అన్నం తిన్నారా" అంటే రాగిముద్ద తిన్నవాళ్ళు "లేదు, సంగటి" అంటారు. రాసుకునేవాళ్ళు తొందరలో ఉంటే "లేదు" వరకే రాస్తారు. సద్ది అనే మాట ఒకరికి పొద్దుటి తిండి, ఇంకొకరికి ఒంటిగంటకు చేను గట్టున విప్పిన క్యారియర్. టౌన్లో "రాత్రి భోజనం మానేసినాం" అంటారు. మానేసింది అన్నం ఒక్కటే, దోసెలు నాలుగు తిని ఉంటారు.

పలమనేరు, కుప్పం వైపు ఏ మాట వాడాలి? నగరి, పుత్తూరు వైపు ఏ మాట? తిరుపతి టౌన్లో ఏ మాట? అడిగించుకునేవాళ్ళకు చిన్నతనం అనిపించే మాటలు ఏవి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. ఫారం అచ్చుకు పోకముందే దిద్దుకోవాలి.

జవాబు 1: పలమనేరు_తెలుగు

మీ నాలుగు గళ్ళు గడియారాన్ని బట్టి కట్టినవి. మన వైపు పూటల పేర్లు గిన్నెలో ఏముందో దాన్ని బట్టి వచ్చినాయి. సంగటి, అన్నం, అంబలి, సద్ది... ఇవన్నీ పదార్థాల పేర్లే. పైగా ఇక్కడ తిండే గడియారానికి పేరు పెట్టింది. అంబలి తాగే వేళను అంబటి పొద్దు అనేవాళ్ళు, అంటే పొద్దు బాగా ఎక్కినాక, మధ్యాహ్నానికి ఇంకా టైముండగా. ఆ వరసలో ఉన్న మనిషిని "అల్పాహారం" అని అడిగితే ఏ గిన్నె గురించి అడుగుతున్నారో ఆయనకు ఎట్లా తెలుస్తుంది?

ముందు సద్ది సంగతి. పాత తెలుగులో చల్ది, కోస్తాలో చద్ది, మనకు సద్ది. చల్లబడిన తిండి అని మొదటి అర్థం. రాత్రి మిగిలిన అన్నం వేడి పూర్తిగా ఆరినాక మట్టి కుండలోనో స్టీలు గిన్నెలోనో వేసి, అన్నం మీద రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి పెడతారు. వేడి మీదనే నీళ్ళు పోసి మూత బిగిస్తే పొద్దుటికి జిగురు వస్తుంది, వాసన మారుతుంది. సరిగ్గా పులిసిందయితే నీళ్ళు కొంచెం తెల్లగా, పుల్లగా ఉంటాయి, మెతుకు విడిగా ఉంటుంది. అందులో మజ్జిగ, ఉప్పు వేసి ఎర్రగడ్డ (ఉల్లిపాయ), పచ్చిమిరపకాయ నంజుకుంటారు. సంగటి మిగిలినా ఇదే పద్ధతి: ముద్దను నీళ్ళలో వేసిపెట్టి పొద్దున చేత్తో పిసికి మజ్జిగలో కలుపుతారు, దాన్ని సద్ది సంగటి అంటారు.

అయితే సద్ది కట్టడం అన్నప్పుడు అర్థం మారుతుంది. పనికి పోయేవాళ్ళు వెంట తీసుకుపోయే మూట అది. పొద్దున పొయ్యి దించిన వేడి అన్నాన్ని గిన్నెలో పెట్టి ఇచ్చినా అది సద్దే, ఎందుకంటే తినేసరికి చల్లబడుతుంది కదా. సద్దిమూట అంటే అదే. అందుకే మీకు ఒకే మాట ఎనిమిదింటికీ ఒంటిగంటకూ దొరికింది. "సద్ది తిన్నా" అన్నవాళ్ళను "ఇంట్లోనా, పని కాడనా?" అని ఇంకొక్క మాట అడగండి, చిక్కు విడిపోతుంది.

ఇక అన్నం. బియ్యం ఉడికితే అన్నం, అది ఒక అర్థం. పూట తిండి మొత్తం అన్నం, అది రెండో అర్థం. తిరుపతి టౌన్లో, బియ్యమే తినే ఇళ్ళలో ఈ రెండూ ఒకటే కాబట్టి తేడా కనిపించదు. పలమనేరు, పుంగనూరు, కుప్పం పల్లెల్లో సంగటి తినే ఇంట్లో "అన్నం తిన్నారా" అన్న ప్రశ్నకు "లేదు" అనేది నిజాయితీగా ఇచ్చిన జవాబు. అదే మాట గుమ్మంలో పలకరింపుగా అడిగితే "తిన్నాం, రండి" అంటారు, తిన్నా తినకపోయినా. కాబట్టి ఇంట్లోకి పోతూ పోతూ అడిగిన "అన్నం తిన్నారా అవ్వా" అనే దాని జవాబును గడిలో రాయించకండి. అది మర్యాద మాట, లెక్క కాదు.

మాటల అంతస్తు కూడా చెప్పాలి. కూడు, బువ్వ, తిండి మన సొంత మాటలు. అన్నం, భోజనం సంస్కృతం నుంచి వచ్చినవి. టిఫిన్ ఇంగ్లీషు వాళ్ళ కాలంలో వచ్చింది. వాళ్ళకు అది మధ్యాహ్నం తినే తేలిక తిండి, మనకు ఇడ్లీ, దోసె, పూరి జాతి మొత్తానికి పేరయింది, ఏ వేళ తిన్నా సరే. ఎంత సొంత మాట అయితే అంత కింద మెట్టు మీద నిలబెట్టినాం. "కోటి విద్యలు కూటి కొరకే" అన్నప్పుడు కూడులో తక్కువతనం ఏమీ లేదు. ఇప్పుడు టౌన్లో ఎవరినైనా "కూడు తిన్నారా" అంటే కోపం వస్తుంది, పిండాకూడు గుర్తొస్తుంది. బువ్వ అనేది తిరుపతిలో పసిపిల్లల మాట. కర్నూలు, అనంతపురం పల్లెల్లో, తెలంగాణలో పెద్దవాళ్ళ నోట కూడా అదే మాట, అక్కడ అందులో ముద్దు లేదు, మామూలు తిండి అంతే.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. తమిళంలో సోరు సొంత మాట, సాదం మర్యాద మాట. ఇంగ్లండులో ఉత్తరాది కార్మికుల ఇళ్ళలో మధ్యాహ్నం తినేది డిన్నర్, సాయంత్రం తినేది టీ. ఉన్నవాళ్ళకు మధ్యాహ్నం లంచ్, రాత్రి డిన్నర్. అక్కడ ఫారం రాసేవాళ్ళకు కూడా ఇదే తిప్పలు.

కుప్పం, పలమనేరు వైపు ఇంకొక జాగ్రత్త ఉంది. కన్నడం మాట్లాడేవాళ్ళకు తిండి అంటే పొద్దుటి టిఫిన్. పూర్తి భోజనాన్ని ఊట అంటారు. తెలుగులో మనకు తిండి అంటే ఏదైనా సరే. "తిండి అయిందా" అని అడిగితే ఒక ఇంట్లో ఇడ్లీ గురించి, పక్కింట్లో మొత్తం రోజు గురించి జవాబు వస్తుంది. ఆ మండలాల ఫారంలో తిండి అనే మాట ఒంటరిగా వాడకండి.

జవాబు 2: నగరి_సరిహద్దు

నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు సగం తమిళం కలిసి ఉంటుంది కాబట్టి ఇది కూడా రాసుకోండి. సంగటిని తమిళం వాళ్ళు కళి అంటారు. పల్చటి రాగి గంజిని కూళ్ అంటారు. కూళ్, మన కూడు ఒకే వేరు మాటలే, కానీ ఇక్కడ ఎవరైనా "కూళ్ తాగినా" అంటే అంబలి తాగినట్టు లెక్క, అన్నం తిన్నట్టు కాదు. సద్దిని పళయ సోరు అంటారు. సాప్పాడు అంటే అన్నం, కుళంబు (పులుసు), రసం ఉన్న పూర్తి భోజనం. టిఫిన్‌ను సాప్పాడు లెక్కలో వేయరు. తెలుగు ఇళ్ళలో సాపాటు అంటే మాత్రం ఏ పూట తిండైనా కావచ్చు.

సర్కారు మాట ఒకటి కలిసింది. 2023లో బడుల్లో రాగి జావ ఇవ్వడం మొదలైనాక పిల్లలున్న ఇళ్ళలో జావ అనే మాట వాడకంలోకి వచ్చింది. అంతకుముందు జావ కోస్తా మాట, ఇక్కడ అంబలి, గంజి. బడి జావలో బెల్లం ఉంటుంది. ఇంటి అంబలిలో ఉప్పు, మజ్జిగ ఉంటాయి. షుగరు వాళ్ళ ఫారం కాబట్టి "బెల్లందా, ఉప్పుదా?" అని తప్పకుండా అడగండి.

జవాబు 3: మందులు_మాత్రలు

మీరు ఫారం గురించే అడిగినారు గానీ, ఇదే గొడవ మాత్రల కవరు మీద ఇంకా ప్రమాదం. "భోజనానికి ముందు" అని రాసి ఇస్తే, పొద్దున టిఫినో సద్దో తినే మనిషి ఆ మాత్రను మధ్యాహ్నం దాకా ఆపుతాడు, తన లెక్కలో భోజనం అప్పుడే కాబట్టి. తప్పు ఆయనది కాదు.

గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు రోజులో మొదటి గట్టి తిండితో ముడిపడి ఉంటాయి. మాత్ర ఏడింటికి కాఫీతో వేసుకొని, సంగటి పదిన్నరకు తింటే మధ్యలో షుగరు పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్ళు తిరగడం వస్తాయి. కాఫీతో వేసుకున్నారు కాబట్టి "తిని వేసుకున్నా" అనుకుంటారు కొందరు, "కాఫీ తిండా ఏమి" అనుకుంటారు ఇంకొందరు. మీ ఫారంలో మాత్ర వేసుకున్న టైముకు, ఆ తర్వాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న టైముకు రెండు వేరు గళ్ళు ఉండాలి. ఎంత ఎడం ఉంటే డాక్టరుకు చెప్పాలో డాక్టరునే అడిగి ఫారం కింద రాయించండి.

పరగడుపు అనే మాట మీద అందరికీ నమ్మకం ఎక్కువ, అర్థం మాత్రం ఒకటి కాదు. కాఫీ తాగినాక కూడా పరగడుపే అనుకునేవాళ్ళు చాలామంది. ఫాస్టింగ్ షుగరు పరీక్షకు కనీసం ఎనిమిది గంటలు నీళ్ళు తప్ప ఏమీ పోకూడదు. పాలు, చక్కెర వేసిన కాఫీ ఒక్క గ్లాసు తాగినా ఆ లెక్క చెడుతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా తాగకూడదు, మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు. అందుకే పరగడుపున అని ఒక్క మాట రాసి వదలకుండా "కాఫీ, టీ, పాలు కూడా తాగకుండా, ఒట్టి నీళ్ళతో" అని పూర్తిగా రాయాలి.

కవరు మీద పనికొచ్చే మాట ఇట్లా ఉంటుంది: "పొద్దున సద్ది గానీ, టిఫిన్ గానీ, సంగటి గానీ ఏది ముందు తింటే దానికి ముందు ఒకటి." పొడుగ్గా ఉంది నిజమే, కానీ చదివి చెప్పేటప్పుడు ఎవరూ తిరిగి అడగరు.

జవాబు 4: కొలత_గిన్నె

పేర్ల సంగతి పై వాళ్ళు చెప్పినారు. పేరు తప్పితే లెక్క ఎంత తప్పుతుందో చూపిస్తాను.

మన వైపు ఎక్కువ ఇళ్ళలో సంగటి ఒట్టి రాగిపిండితో చేయరు, బియ్యమో నూకలో కలుస్తాయి. ఇంటికి చేసే కొలత ఒకటి తీసుకుందాం: బియ్యం 200 గ్రాములు, రాగిపిండి 300 గ్రాములు, నీళ్ళు దాదాపు లీటరుంబావు. బియ్యం బాగా మెత్తగా, ఇంకా నీళ్ళు మిగిలి ఉండేటట్టు ఉడికినాక పిండిని మీద కుప్పగా పోసి, కలపకుండా, నడిమధ్య కట్టెతో గుంత చేసి సన్న సెగ మీద పది నిమిషాలు వదులుతారు. ఆవిరి ఆ గుంతలోంచి పైకి వచ్చి పిండి ఉడుకుతుంది. తొందరపడి ముందే కలిపితే ఉండలు కడుతుంది, ఉండ లోపల పిండి పచ్చిగా మిగులుతుంది. తర్వాత దించి, కట్టెతో గట్టిగా గెలికి, చేయి తడి చేసుకొని ముద్దలు చేస్తారు.

ఈ కొలతకు ఆరు ముద్దలు చేస్తే ఒక్కో ముద్దలో పిండి 50 గ్రాములు, బియ్యం 33 గ్రాములు పడతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలో రాగులకు 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంది. పాలిష్ బియ్యానికి 8 మిల్లీగ్రాములు కూడా లేదు. అంటే రెండు ముద్దలు తిన్న మనిషికి పిండి నుంచే 364 మిల్లీగ్రాములు వచ్చినట్టు. మీవాళ్ళు దాన్ని "అన్నం" అని రాస్తే ఆ మనిషి కాగితం మీద క్యాల్షియం లేనివాడు అవుతాడు. "లేదు" అని రాస్తే ఆ పూట పస్తున్నట్టే. హోటల్ సంగటిలో బియ్యం వంతు ఎక్కువ ఉండొచ్చు కాబట్టి ఇంటిదా, హోటల్‌దా అనేది కూడా రాయాలి.

ముద్ద సైజు ఏ ఇంటికి ఆ ఇల్లే. "ఎన్ని ముద్దలు" అని అడిగితే చాలదు. "పిండి ఎన్ని గ్లాసులు పోసినారు, బియ్యం ఎన్ని గ్లాసులు, మొత్తం ఎన్ని ముద్దలు అయినాయి, మీరెన్ని తిన్నారు" అని వంట చేసిన మనిషిని అడగండి. ఆ గ్లాసునే తెప్పించి కొలవండి. వంట చేసింది కోడలు, జవాబు చెప్పేది మామ అయితే లెక్క కుదరదు. ఇద్దరూ ఎదురుగా ఉండాల్సిందే.

సద్దిలో ఇంకో పొరపాటు. గిన్నెడు సద్దిలో సగం నీళ్ళే. "గిన్నెడు" అని రాసుకొని దాన్ని గిన్నెడు అన్నం కింద లెక్క కడితే తిన్నదానికి రెండింతలు పడొచ్చు. నీళ్ళు ఒంపి, చేత్తో పిండేస్తే ఎంత అన్నం ఉంటుందో అదే గిన్నెలో వేలు పెట్టి చూపించమనండి.

అన్నిటికన్నా ఎక్కువగా జారిపోయేది నంజుకునేది. సద్దికి ఊరగాయ, మజ్జిగ మిరపకాయ, సంగటికి చెనక్కాయల ఊరుబిండి అనే పచ్చడి... వీటిని ఎవరూ తిండి లెక్కలో చెప్పరు. "కూర ఏమిటి" అంటే "ఏం లేదు" అంటారు, ఆ మాటా నిజమే. బీపీ ఉన్నవాళ్ళకు ఉప్పు బాగా చేరేది మాత్రం అక్కడినుంచే. ప్రతి పూటకూ "కలుపుకునేదానికి ఏం, నంజుకునేదానికి ఏం" అని రెండు గళ్ళు పెట్టండి. ఈ రెండు మాటలు కుప్పం నుంచి సూళ్ళూరుపేట దాకా అందరికీ తెలుసు. తెలంగాణ వాళ్ళకు "అంచుకు" అంటే తెలుస్తుంది.

ఫారం_తిరుపతి

చాలా పనికొచ్చింది, ఒక్కొక్కటీ రాసుకుంటున్నాం. ఇంకో రెండు సందేహాలు. శనివారం పోయి శుక్రవారం తిండి అడిగితే మామూలుగా ఉంది. ఆదివారం పోతే చాలా ఇళ్ళలో "నిన్న ఒక్కపొద్దు, పలారం తిన్నాం" అంటున్నారు. ఏ గడిలో వేయాలి? రెండోది, తిరుపతిలో "ప్రసాదం తిన్నాం" అంటే ఎంత తిండి అనుకోవాలి?

జవాబు 5: కపిలతీర్థం_వీధి

ఒక్కపొద్దు అంటే మన వైపు పస్తు కాదు. రోజుకు ఒక్క పూటే అన్నం తినడం. శనివారం వెంకటేశ్వర స్వామికి ఉండేవాళ్ళు ఎక్కువ. మధ్యాహ్నం స్వామికి పెట్టి అన్నం తింటారు, రాత్రికి ఉడికిన బియ్యం తగలకుండా పలారం తింటారు. ఫలహారం అని రాస్తాం గానీ అందులో పండే ఉండాలని లేదు. ఉప్పిండి, ఇడ్లీ, దోసె, చపాతి ఏదైనా పలారమే. ఇడ్లీలో బియ్యం లేదా అని తర్కం తీయకండి. నూరి, రూపం మారితే అన్నం కింద లెక్క కాదు, ఇంటింటి ఆచారం అది. ఏకాదశి వాళ్ళకు కట్టు ఇంకా గట్టిగా ఉంటుంది. మీ ఫారంలో ఒక్కపొద్దుకు వేరే గడి వద్దు, పైన ఒక టిక్కు చాలు. కింద తిన్నదంతా మామూలుగా రాయండి. షుగరు మాత్ర రెండు పూట్లా వేసుకునే మనిషి ఒక్కపొద్దు ఉంటే ఆ టిక్కు డాక్టరు కంట పడాలి.

వారం పొడుగునా అడగాల్సి వస్తే శనివారాల తిండే అడిగి వదలకండి, ఆ ఇంటి తిండి మొత్తం పలారమే అనిపిస్తుంది. ముస్లిం ఇళ్ళలో పొద్దుటిది నాష్తా. రంజాన్ నెలలో మీ "పొద్దున లేచినప్పటి నుంచి" అనే మాట పనికిరాదు. తెల్లారకముందు సహరీకి లేచి తిని, మళ్ళీ పడుకొని లేస్తారు. ఆ నెలలో "మొన్న సాయంత్రం ఇఫ్తార్ నుంచి నిన్న సాయంత్రం ఇఫ్తార్ దాకా" అని అడగండి, సహరీ తప్పిపోదు.

ప్రసాదం సంగతి. కొండమీద 1985లో నిత్యాన్నదానం మొదలైంది. వెంగమాంబ పేరు పెట్టిన అన్నప్రసాద భవనంలో కూర్చొని తింటే అది అన్నం, కూర, సాంబారు, మజ్జిగ ఉన్న పూర్తి భోజనం. అక్కడ తిన్నదాన్ని భోజనం అనరు, అన్నప్రసాదం అంటారు, చాలామంది ప్రసాదం అని కుదిస్తారు. గుళ్ళో దొన్నెలో పెట్టే పులిహోర, చక్కెర పొంగలి కూడా ప్రసాదమే. లడ్డూ ముక్క కూడా ప్రసాదమే. "కూర్చొని తిన్నారా, చేతిలో పెట్టించుకున్నారా?" అని అడిగితే తేలిపోతుంది.

శ్రీవైష్ణవుల ఇళ్ళలో అయితే వంటను తళిగ అంటారు, చారును సాత్తముదు అంటారు. పెద్దవాళ్ళు ఆ మాటలే చెప్తే తెలియదని మొహం పెట్టకుండా, విన్నది విన్నట్టు రాసుకొని తర్వాత కనుక్కోండి. స్వామి తినేదాన్ని ఆరగింపు అంటారు. ఆ మాట మనుషులను అడిగే ప్రశ్నలో రాకూడదు.

జవాబు 6: పుంగనూరు_రైతుకూలీ

పై జవాబుల్లో ఒకదానికి అడ్డం చెప్పాలి. కూడు అనే మాటను తక్కువ మాట అని ఫారం నుంచి తీసేస్తారేమో, అట్లా చేయకండి. మీరు అడిగేటప్పుడు వాడొద్దు, అది సరే. వాళ్ళు "రేత్రి కూడు తిన్నాక" అంటే దాన్ని దిద్ది "భోజనం చేసిన తర్వాత" అని రాయొద్దు. చెప్పిన మాటను ఎదురుగా దిద్దితే మనిషి ముడుచుకుంటాడు. ఆ తర్వాత సద్ది మాట చెప్పడు, ఇడ్లీ తిన్నా అంటాడు. పెన్ను పట్టుకొని వచ్చిన మనిషి ముందర సద్ది తిన్నామని చెప్పుకోవడం చాలామందికి చిన్నతనం. సంగటికి ఆ బాధ పోయింది, నాటుకోడి పులుసుతో హోటళ్ళ బోర్డుల మీదికి ఎక్కినాక గొప్పగానే చెప్తున్నారు. సద్దికి ఇంకా పోలేదు.

దానికి పని చేసే కిటుకు ప్రశ్నలోని వరస. "టిఫిన్ తిన్నారా, లేకపోతే సద్దా?" అంటే సద్ది వెనకబడిన వస్తువయింది. "పొద్దున సద్ది తిన్నారా, అంబలా, సంగటా, టిఫినా?" అని సద్దిని ముందు పెట్టి, గొంతులో తేడా లేకుండా అడగండి. అడిగే మనిషి నోట ముందు వచ్చిన మాటను చెప్పుకోవడానికి ఎవరూ వెనకాడరు. అవ్వా, తాతా, అక్కా, అన్నా అని వరసతో పిలిచి, "తిన్నారా" అని మీరుతోనే అడగండి. ఊళ్ళో వాళ్ళు ఒకరినొకరు "తింటివా" అనుకోవచ్చు, బయటనుంచి పోయినవాళ్ళు అనకూడదు.

ఇంకొకటి. కూలికి పోయేవాళ్ళకు చేను కాడ ఇచ్చే టీ, బన్ను, బొరుగులు పూట లెక్కలోకి రావు, చిరుతిండి లెక్కలోకీ రావు. అది కూలిలో భాగం. "పని కాడ ఏమిచ్చినారు?" అని అడిగితేనే బయటికి వస్తుంది.

ఫారం_తిరుపతి

దిద్దిన ఫారం ఇది, చూసి తప్పులుంటే చెప్పండి. పూటల పేర్లు పూర్తిగా తీసేసినాం. ప్రతి వరసకూ మొదటి గడిలో టైము, రెండో గడిలో వాళ్ళు చెప్పిన మాట చెప్పినట్టే, మూడో గడిలో ఎక్కడ తిన్నారు (ఇల్లు, పని కాడ, హోటలు, గుడి), నాలుగులో కొలత, ఐదులో కలుపుకునేది, ఆరులో నంజుకునేది. పైన మాత్ర టైము, మొదటి ముద్ద టైము, ఒక్కపొద్దు టిక్కు. ఇది చదవాల్సిన మాట:

"అక్కా, నిన్న పొద్దున లేచినాక మొట్టమొదట నోట్లోకి పోయింది ఏమి? నీళ్ళు, కాఫీ, టీ ఏదైనా చెప్పండి. ఆ తర్వాత సద్ది తిన్నారా, అంబలా, సంగటా, టిఫినా? ఎన్ని గంటలకు? ఇంట్లోనా, పని కాడనా? దాని తర్వాత మళ్ళీ ఎప్పుడు తిన్నారు?"

చివరి ప్రశ్న "ఇంకేమీ లేదు" అనేదాకా తిప్పి తిప్పి అడగాలని పక్కన రాసినాం.

జవాబు 7: పలమనేరు_తెలుగు

బాగుంది. ఒక్క చోట క్రియ దిద్దండి. "సద్ది తిన్నారా, అంబలా" అని కలిపేస్తే అంబలికి "లేదు" వస్తుంది, అంబలి తింటామా, తాగుతాం. సద్దిలో మజ్జిగ ఎక్కువ పోసి గ్లాసులో ఎత్తితే దాన్ని కూడా "తాగినా" అనే అంటారు. గంజికీ అంతే. "తిన్నారా" ఒక్కటే వాడితే తాగినవన్నీ జారిపోతాయి. "పొద్దున సద్ది గానీ, అంబలి గానీ, సంగటి గానీ, టిఫిన్ గానీ ఏమన్నా తిన్నారా, తాగినారా?" అని రెండు క్రియలూ వేయండి. రాత్రి దగ్గర కూడా మళ్ళీ అడగండి. పడుకునేముందు పాలో, మజ్జిగో తాగేవాళ్ళు "రాత్రి ఏం తినలేదు" అనే చెప్తారు.